యుద్ధకాలంలో నర్సులే డిటెక్టివులైన నవలలు: మీరేం చదివారు?

పుస్తకాల_గూడు:
అందరికీ నమస్కారం. పోయిన నెల చార్లెస్ టాడ్ పేరుతో వచ్చిన ‘ఎ డ్యూటీ టు ద డెడ్’ చదివాను. బెస్ క్రాఫర్డ్ అనే నర్సు కథల వరసలో మొదటిది, 2009లో వచ్చింది. చదివి మూసేశాక కూడా వదలడం లేదు, అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

కథ 1916 నవంబరులో, బ్రిటానిక్ అనే ఆసుపత్రి ఓడ ఏజియన్ సముద్రంలో మునిగిపోవడంతో మొదలవుతుంది. అందులో పనిచేస్తున్న బెస్‌కి చెయ్యి విరుగుతుంది. ఇంగ్లండు చేరి ఇంట్లో కోలుకుంటూ ఉంటే ఒక మాట ఆమెను తొలిచేస్తుంటుంది. అంతకుముందు ఆమె చేతుల్లోనే పోయిన ఒక సైనికాధికారి, ‘మా వాడికి ఈ మాట చెప్పు’ అని ఒట్టు వేయించుకుని కన్నుమూశాడు. నెలలు గడిచినా ఆమె చెప్పలేదు. ఇక ఆగలేక కెంట్‌లో వాళ్ళ ఊరికి వెళ్ళి చెబుతుంది. అక్కడినుంచి పాత హత్య ఒకటి కదులుతుంది.

నన్ను పట్టుకున్నది హత్య కాదు, ఆ ఆలస్యం. పోయేవాళ్ళకిచ్చిన మాట తప్పితే అన్నం సయించదంటారు మా ఇంట్లో. బెస్‌కీ సరిగ్గా అదే బాధ. పోలీసు అధికారి కథలో హత్య అతని ఉద్యోగం. ఇక్కడ అది నర్సు తీర్చాల్సిన బాకీ. మీరు ఇలాంటివి ఏం చదివారు? నర్సు డిటెక్టివుగా నప్పుతుందా?

చరిత్ర_మాష్టారు:
మంచి చర్చ. నవలకి వెనకున్న నిజం కాస్త చెబుతాను.

బ్రిటానిక్ అంటే టైటానిక్‌కి చెల్లెలు. 1916 నవంబరు 21న గ్రీసు దగ్గర కియా ద్వీపం పక్కన మందుపాతరకి తగిలి 55 నిమిషాల్లో మునిగిపోయింది. వెయ్యిమందికి పైగా ఉంటే పోయినవాళ్ళు 30 మంది. టైటానిక్ తర్వాత ఓడని ఎంతో గట్టి చేశారు, అయినా అంత త్వరగా ఎందుకు మునిగింది? వార్డుల్లోకి గాలి రావాలని గుండ్రటి కిటికీలు తెరిచిపెట్టి ఉన్నాయి. ఓడ ఒరిగేసరికి నీళ్ళు వాటిలోంచి లోపలికి వచ్చేశాయి. రోగులకోసం చేసిన మంచి పనే ఓడ ప్రాణం తీసింది. పోయినవాళ్ళలో చాలామంది తొందరపడి దింపిన పడవల్లో ఉన్నవాళ్ళు. ఓడని నడిపే రెక్కల చక్రం (ప్రొపెల్లర్) ఇంకా తిరుగుతూ ఆ పడవల్ని లాగేసుకుంది.

ఇంకో విషయం. ఈ నవలలు చదివేటప్పుడు ‘నర్సు’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటే సగం కథ తెలియదు. మూడేళ్ళు ఆసుపత్రిలో శిక్షణ పొందిన సిస్టర్లు ఒక వర్గం. 1909లో మొదలైన వీఏడీ అనే స్వచ్ఛంద దళంలో చేరిన అమ్మాయిలు ఇంకో వర్గం. వీళ్ళలో చాలామంది కలిగినవాళ్ళ ఇళ్ళనుంచి వచ్చారు, నేల తుడవడం కూడా అక్కడే నేర్చుకున్నారు. సిస్టర్లకు వీళ్ళంటే అనుమానం, వీళ్ళకు సిస్టర్లంటే హడలు. వీఏడీగా పనిచేసిన వెరా బ్రిటెన్ తన ఆత్మకథలో ఇదంతా రాసింది. 1917లో ఫ్రాన్సులోని ఎటాప్లెలో గాయపడిన జర్మను ఖైదీలకు కూడా ఆమె సేవ చేసింది. డిటెక్టివు నవల రాసేవాళ్ళు ఈ రెండు వర్గాల మధ్య గీతని ఎంత బాగా పట్టుకుంటే నవల అంత నమ్మకంగా ఉంటుంది.

కాకినాడ_బాబాయి:
నేను కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌తో పెరిగినవాణ్ణి. అద్దె పుస్తకాల షాపులో రోజుకి ఒకటి తెచ్చుకుని లైటు ఆర్పాక కూడా వీధిదీపం వెలుగులో చదివేవాణ్ణి. కాబట్టి నా అభ్యంతరం అభిమానంతో చెబుతున్నదే అనుకోండి.

బెస్ క్రాఫర్డ్ కథలు నేను మూడు చదివాను. ప్రతిసారీ ఆ అమ్మాయికి సెలవు దొరుకుతుంది! ఎప్పుడూ ఎవరో ఒకరు కారు ఇస్తారు, నాన్నగారు కర్నలు కాబట్టి తలుపులన్నీ తెరుచుకుంటాయి. 1916 జులై 1న సోమ్ యుద్ధం మొదటిరోజే బ్రిటిషు సైన్యంలో 57 వేలమందికి పైగా గాయపడటమో, చనిపోవడమో, గల్లంతవడమో జరిగింది. అందులో చనిపోయినవాళ్ళే 19 వేలు దాటారు. అలాంటి రోజుల్లో నర్సుకి నిద్రే లేదు, ఇంగ్లండు పల్లెల్లో తిరిగి కూపీ లాగే తీరిక ఎక్కడిది? యుగంధర్‌కి అదే పని, అతనికో అసిస్టెంటు. ఈ అమ్మాయికి వార్డు నిండా మనుషులు.

రాత్రి_డ్యూటీ:
బాబాయి గారూ, మీరన్నది నిజం. కానీ నర్సు కూపీ లాగడానికి వార్డు దాటి వెళ్ళక్కర్లేదండి. నేను ఐసీయూలో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నాను, అందుకే ఈ నవలలు నాకు వేరేగా వినిపిస్తాయి.

ఒక చిన్న సంగతి చెబుతాను. స్పృహలేని మనిషిని తెచ్చి మంచం మీద వేశాక, ఒంటిమీద ఉన్నవన్నీ తీసి జాబితా రాయాలి. నేను కొత్తగా చేరినప్పుడు ‘బంగారు గొలుసు ఒకటి’ అని రాశాను. మా సీనియరు సిస్టరు పక్కన కూర్చోబెట్టుకుని ఆ పేజీ కొట్టేయించి మళ్ళీ రాయించారు. ‘పసుపురంగు లోహపు గొలుసు ఒకటి, కొక్కెం విరిగి ఉంది’. బంగారమని నీకెవరు చెప్పారమ్మా, నువ్వు చూసింది రంగు, అన్నారు. ‘ఎర్రరాయి ఉంగరం’ అనాలి తప్ప కెంపు అనకూడదు. ‘ఎడమ చెవి కమ్మ ఉంది, కుడి చెవిది లేదు’ అని లేనిది కూడా రాయాలి. ఆ తర్వాత ఇద్దరు సంతకం పెట్టాలి.

డిటెక్టివు అంటే ఇదే కదండీ! కనపడింది రాయడం, అనుకున్నది రాయకపోవడం. బెస్ కథల్లోనే 1918లో జరిగే ‘యాన్ అన్‌మార్క్‌డ్ గ్రేవ్’ చూడండి. స్పానిష్ ఫ్లూ అనే విషజ్వరం ముంచెత్తుతోంది, శవాలు గుడ్డల్లో చుట్టి వరసగా పేర్చి ఉన్నాయి, మోయడానికి మనుషులు చాలడం లేదు. ఆ వరసలో ఒక శవం ఎక్కువుంది. ఆ మనిషి జ్వరంతో పోలేదు, మెడ విరిగి ఉంది. హంతకుడు శవాన్ని శవాల్లో దాచాడు. ఆ పేజీ దగ్గర నాకు చేతులు చల్లబడ్డాయి. కోవిడ్ రెండో అలలో మా మార్చురీ బయట లెక్క ఒక్కరు తక్కువ వచ్చి, ఒకే రాత్రి మూడుసార్లు పేర్లు చదువుకుంటూ నడిచాం. చివరికి తేలింది, ఒకరి పేరు రెండుసార్లు రాశారు. లెక్క తప్పితే ఏమవుతుందో, తప్పిన లెక్కని ఎవరైనా వాడుకుంటే ఏమవుతుందో ఆ నవల రాసినవాళ్ళకి తెలుసు.

పుస్తకాల_గూడు:
మీ గొలుసు సంగతి రెండుసార్లు చదివానండి. రాసినవాళ్ళు అన్నారు కాబట్టి చెబుతున్నాను, చార్లెస్ టాడ్ అంటే ఒక్కరు కాదు, తల్లీ కొడుకులు. ఇద్దరూ అమెరికన్లు, కలిసి రాసేవాళ్ళు. తల్లి కారొలిన్ 2021లో చనిపోయారు.

టొరంటో_చెల్లి:
బాబాయి గారి సెలవుల బాధకి జవాబు మెయిజీ డాబ్స్ దగ్గరుంది. జాక్వెలిన్ విన్‌స్పియర్ సృష్టించిన పాత్ర ఇది. ఈ వరసలో మొదటి నవల 2003లో వచ్చింది, ఆఖరిది 2024లో. ఆవిడ చేసిన తెలివైన పని ఏంటంటే, మెయిజీ యుద్ధంలో నర్సు, కానీ డిటెక్టివు అయ్యేది 1929లో, లండన్‌లో సొంత ఆఫీసు పెట్టుకున్నాక. కాబట్టి సెలవు అడగాల్సిన పని లేదు, యుద్ధం మాత్రం మనిషిని వదల్లేదు.

మెయిజీ గొప్పింట్లో పనిపిల్ల. రాత్రిళ్ళు దొంగతనంగా వాళ్ళ లైబ్రరీలో చదువుకుంటూ దొరికిపోతుంది. తిట్లు తినాల్సింది పోయి చదువు దొరుకుతుంది, కేంబ్రిడ్జి దాకా వెళ్తుంది. అది సగంలో వదిలేసి, వయసు ఎక్కువ చెప్పి నర్సుగా ఫ్రాన్సుకి పోతుంది. విదేశాలకి వెళ్ళాలంటే వీఏడీలకు 23 ఏళ్ళు నిండాలన్న నిబంధన ఉండేది, అందుకే చాలామంది అబద్ధం చెప్పారు.

మొదటి నవలలో ముఖాలు ఛిద్రమైన సైనికులు ఊరికి దూరంగా ఒక పొలంలో కలిసి బతుకుతుంటారు. అక్కడ ఏదో జరుగుతోంది, మెయిజీ కనుక్కోవాలి. ఆ పొలం కల్పితం, ఆ ముఖాలు మాత్రం నిజం. 1917లో లండన్ దగ్గర సిడ్‌కప్‌లో ఇలాంటివాళ్ళకోసమే ఆసుపత్రి తెరిచారు, హారొల్డ్ గిల్లీస్ అనే డాక్టరు ఒంట్లో వేరే చోట్లనుంచి చర్మం తెచ్చి ముక్కులు, దవడలు కట్టాడు. ఆ ఊళ్ళో కొన్ని బెంచీలకి నీలం రంగు వేశారు, ఎదురొచ్చేవాళ్ళు ముందే తెలుసుకుని జడుసుకోకుండా. నీలం బెంచీ మీద కూర్చున్న ఆ అబ్బాయికి ఎలా ఉండేదో తలచుకుంటే నాకు ఏడుపొస్తుంది. మెయిజీ ఎదుటివాళ్ళ కళ్ళలోకి సూటిగా చూసి మాట్లాడుతుంది. సాక్ష్యం రాబట్టాలని కాదు, అలా చూడటం ఆమెకు వార్డులో అలవాటైంది. అందుకే వాళ్ళు ఆమెకు నిజం చెబుతారు.

రచయిత్రి విన్‌స్పియర్ తాతగారు 1916లో సోమ్‌లో గాయపడ్డారు. పుస్తకంలో ఆ ఇంటి నిశ్శబ్దం తెలుస్తుంది.

కొత్త_పాఠకురాలు:
నమస్తే, నేను బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం. ఒక సందేహం రాత్రి డ్యూటీ అక్కా. రోగి నమ్మి చెప్పిన మాట బయటపెట్టకూడదని మాకు మొదటి సంవత్సరమే నేర్పుతారు. మరి ఈ నర్సులు చనిపోయినవాళ్ళ రహస్యాలు పట్టుకుని ఊళ్ళు తిరగడం తప్పు కాదా?

రాత్రి_డ్యూటీ:
చాలా మంచి ప్రశ్న తల్లీ. ఈ నవలల్లో అసలు బరువు అక్కడే ఉంది.

మొదటి ప్రపంచయుద్ధం సంగతి ఒకటి చూడు. సైనికుడు తనను తనే కాల్చుకుంటే అది నేరం, కోర్టు మార్షల్, జైలు. ఎక్కువమంది ఎడమ చేతిని కాల్చుకునేవాళ్ళు. మరీ దగ్గర్నుంచి కాలిస్తే గాయం చుట్టూ నల్లగా మసి, చర్మంలో గుచ్చుకున్న మందుగుండు పొడి. కట్టు విప్పే నర్సుకి ఒక్క చూపులో అర్థమవుతుంది. ఇప్పుడు ఆమె ఏం రాయాలి? ఉన్నది రాస్తే పందొమ్మిదేళ్ళ పిల్లాడు జైలుకి పోతాడు. రాయకపోతే ఆమె తన పనికి ద్రోహం చేసినట్టు. గాయం చదవడం వచ్చినవాళ్ళకి చదివింది చెప్పాలా వద్దా అన్నది ఇంకో చదువు. పోలీసు డిటెక్టివుకి ఈ చిక్కే లేదు, దొరికింది దొరికినట్టు అప్పగిస్తాడు. నర్సుకి మాత్రం హంతకుడే మంచం మీద ఉన్నా ముందు రక్తం ఆపాలి.

గాయాలంటే ఇంకోటి గుర్తొచ్చింది. గ్యాస్ గాంగ్రీన్ అని ఫ్రాన్సు పొలాల మట్టిలోంచి వచ్చే జబ్బు, పెన్సిలిన్ లేని రోజుల్లో గంటల్లో మనిషిని తీసుకుపోయేది. దాని వాసన ఒకసారి తగిలితే మర్చిపోరు. గాయం పక్కన చర్మం మీద వేలితో నొక్కితే లోపల సన్నగా చిటపటమంటుంది. నేను ఉద్యోగంలో ఒకే ఒక్కసారి విన్నాను, ట్రాక్టరు కింద పడ్డ రైతు కాలు. వేలికింద ఆ చప్పుడు తగలగానే, డాక్టరు గారు వచ్చేలోపే నేను ఆపరేషన్ థియేటరుకి ఫోను చేశాను. ఆయన బతికారు, కాలు మోకాలి పైదాకా తీసేశారు. నవలలో నర్సు వాసన పట్టి జబ్బు చెప్పిందని రాస్తే కొందరు ఇది అతిశయోక్తి అంటారు. కాదు.

చరిత్ర_మాష్టారు:
ఆ యుద్ధంలో పారిపోయారనీ పిరికితనం చూపారనీ కాల్చేసిన 306 మంది బ్రిటిషు, సామ్రాజ్య సైనికులకు 2006లో బ్రిటిషు ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది. తొంభై ఏళ్ళు ఆ కుటుంబాలు తలదించుకుని బతికాయి. ఈ నవలల్లో ‘పాత మచ్చ’ అన్నది ఎందుకంత తరచుగా వస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక అసలు ఈ దారి వేసినవాళ్ళ సంగతి. అగాథా క్రిస్టీ 1914లో టార్కీ పట్నంలో రెడ్‌క్రాసు ఆసుపత్రిలో నర్సుగా చేరింది. తర్వాత మందులు కలిపే గదికి మారింది, 1917లో ఆ పరీక్ష పాసైంది. చుట్టూ సీసాల్లో విషాలు, మధ్యలో తీరిక. 1920లో వచ్చిన మొదటి నవలలో విషాన్ని ఎంత సరిగ్గా రాసిందంటే మందుల శాస్త్రం పత్రిక మెచ్చుకుంది. ఆమె డిటెక్టివు బెల్జియం శరణార్థి కావడానికి కూడా కారణం టార్కీలో తలదాచుకున్న బెల్జియం వాళ్ళే. అమెరికాలో మేరీ రాబర్ట్స్ రైన్‌హార్ట్ స్వయంగా పిట్స్‌బర్గ్‌లో నర్సింగ్ చదివింది. ఆమె సృష్టించిన నర్సు డిటెక్టివు హిల్డా ఆడమ్స్ 1914లోనే కథల్లోకి వచ్చింది, 1915లో రచయిత్రి విలేఖరిగా బెల్జియం యుద్ధరంగానికి వెళ్ళింది. అంటే ఇవాళ మనం చదువుతున్నవి పాత వేళ్ళమీద మొలిచిన కొమ్మలు.

టొరంటో_చెల్లి:
మాష్టారూ, క్రిస్టియానా బ్రాండ్ ‘గ్రీన్ ఫర్ డేంజర్’ మర్చిపోయారు! 1944. రెండో యుద్ధం, కెంట్‌లో సైనిక ఆసుపత్రి, పైన విమానాలు. మొదటి అధ్యాయంలో పోస్టుమాన్ ఏడు ఉత్తరాలు పట్టుకుని వస్తాడు. తర్వాత అతనే కాలు విరిగి అదే ఆసుపత్రిలో థియేటరు బల్లమీద చనిపోతాడు. ఇక్కడ నర్సులు డిటెక్టివులు కారు, అనుమానితులు. మిగతాది చెప్పను.

రాత్రి_డ్యూటీ:
అది చదివాక మూడు రోజులు థియేటరులో అడుగుపెడుతుంటే భయమేసింది. ముసుగులు కట్టుకుని, టోపీలు పెట్టుకుని నిలబడితే కళ్ళు తప్ప ఎవరు ఎవరో తెలియదు. ఆ ఒక్క విషయంమీద పుస్తకమంతా నడుస్తుంది.

పాత ఉద్యోగంలో మాకూ ఒక అనుభవం జరిగింది. మత్తు ఇంజెక్షన్ల ఖాళీ గాజు గొట్టాలు కూడా లెక్కచెప్పి అప్పగించాలి. ఒక రాత్రి రిజిస్టరు ప్రకారం ఆరు వాడారు, డబ్బాలో ఖాళీవి అయిదే. నేను అలాగే రాసి సంతకం పెట్టాను. సర్దుకుపొమ్మని చెప్పారు పైవాళ్ళు. సర్దుకోలేదు. నెల తిరక్కుండా నన్ను వేరే వార్డుకి వేశారు, ఆ ఆరోది ఏమైందో ఈ రోజుకీ తెలియదు. నవలల్లో ఆఖరి అధ్యాయం ఉంటుంది. నాకు అది కావాలి కాబట్టే ఇవి చదువుతాను.

కొత్త_పాఠకురాలు:
థ్యాంక్స్ అక్కా. ఇంకొకటి. ఈ కథల్లో మనవాళ్ళు ఎక్కడా లేరేంటి? బెస్ చిన్నప్పుడు ఇండియాలో పెరిగిందంటారు, నాన్నని ‘కర్నల్ సాహిబ్’ అంటారు, అంతే. మనం వెనక పరదాలా ఉంటాం.

పుస్తకాల_గూడు:
నాకూ అదే వెలితి. రచయితలు అభిమానంగానే రాస్తారు, కానీ ఆ ఇండియా కర్నల్ గారి వరండానుంచి కనపడే ఇండియా. ఆ వరండా తుడిచే మనిషికి కనపడేది కాదు.

చరిత్ర_మాష్టారు:
చోటు లేక కాదమ్మా. 1914 డిసెంబరునుంచి ఇంగ్లండులోని బ్రైటన్‌లో రాజుగారి పాత విలాసభవనాన్నే భారత సైనికుల ఆసుపత్రి చేశారు. కులాలకీ మతాలకీ తగ్గట్టు తొమ్మిది వంటశాలలు, హిందువులకి ఒక కొళాయి, ముస్లింలకి ఒక కొళాయి. ఇంత చూసుకున్న అధికారులకి తెల్లనర్సులు భారత సైనికుల ఒళ్ళు ముట్టుకుని సేవ చేయడం మాత్రం నచ్చలేదు, వాళ్ళని దూరం పెట్టారు. పోయిన హిందువుల్ని, సిక్కుల్ని ఊరి బయట కొండమీద దహనం చేశారు, అక్కడ ఇప్పుడు ఛత్రీ అనే స్మారకం ఉంది. చూస్తోంది కానీ ముట్టుకోవడానికి వీల్లేని నర్సు, చెప్పాలనుంది కానీ భాష రాని రోగి. ఇంతకంటే మంచి మిస్టరీ ఏముంది? మన మద్రాసు ప్రెసిడెన్సీ చందాలతోనే ‘మద్రాసు’ అనే ఆసుపత్రి ఓడని కూడా సిద్ధం చేశారు. ఎవరైనా రాయాలి.

కాకినాడ_బాబాయి:
మాష్టారి మాట విన్నాక నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. ఎందుకో చెబుతాను.

1942 ఏప్రిల్ 6న జపానువాళ్ళు విశాఖ మీద, మా కాకినాడ మీద బాంబులు వేశారు. అది అందరూ చెప్పుకుంటారు. అంతకుముందు నడిచొచ్చినవాళ్ళ గురించి ఎవరూ చెప్పరు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద మొదటి బాంబు పడ్డాక అక్కడున్న మనవాళ్ళు, కోరంగీలని పిలిచేవాళ్ళు వాళ్ళని, కొండలు దాటి అరకాన్ మీదుగా చిట్టగాంగ్‌కి నడిచారు. దారంతా కలరా. మా నాయనమ్మ, ఆవిడ ఆడపడుచు, ఇద్దరూ ఆ గుంపులో ఉన్నారు. ఆడపడుచు చిట్టగాంగ్ శిబిరంలో పోయింది. అక్కడి నర్సు ఒకావిడ మూట కట్టి నాయనమ్మ చేతికిచ్చింది. మూటలో ఒక కాగితం, మూడు వస్తువులు. రెండు గాజులు మావాళ్ళవే. మూడోది తాళంచెవి. మా ఇంట్లో ఏ తాళానికీ అది పట్టదు. రంగూన్ ఇంటిది కాదని నాయనమ్మ చనిపోయేదాకా చెబుతూనే ఉంది. మూట మారిందని మా నాన్న అనేవారు.

రాత్రి_డ్యూటీ:
బాబాయి గారూ, ఆ కాగితం ఇంకా ఉందా? మూట మారి ఉంటే కాగితంలో రాసిందీ, మూటలో ఉన్నదీ కలవకూడదు. కలిస్తే మారలేదు. అప్పుడు ఆ తాళంచెవి మీ నాయనమ్మగారి ఆడపడుచు ఒంటిమీదే ఉన్నట్టు. దయచేసి చూసి చెప్పండి. ఏమనుకుంటున్నారో వద్దు, కనపడింది మాత్రం రాయండి.

కాకినాడ_బాబాయి:
ఇప్పుడే పెట్టె దించాను తల్లీ. కాగితం నాలుగు మడతలు, మడతల దగ్గర చిరిగింది. ఇంగ్లీషులో నీలం పెన్సిలుతో మూడు వరసలు. మొదటిది గాజులు, ఎర్రవి, రెండు. మూడోది చదవరావడం లేదు, తడిసి అలుక్కుపోయింది. మధ్య వరస స్పష్టంగా ఉంది: ‘తాళంచెవి ఒకటి, తెల్లటి లోహం, నడుము తాడుకి కట్టి ఉంది’.

తాళంచెవి మీద అంకె చెక్కి ఉంది. మొదటిది 4. రెండోది అరిగిపోయింది, 1 కావచ్చు 7 కావచ్చు. ఇనుము అని రాయబోయి ఆగాను.

రాత్రి_డ్యూటీ:
అయితే మూట మారలేదు బాబాయి గారూ. రేపు డ్యూటీ దిగి వచ్చేసరికి ఆ కాగితం ఫొటో పెట్టండి, రెండువైపులా. మూడో వరస చూద్దాం.